సొరంగం వచ్చాక కనుమ మీద ఇల్లు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, తిట్లు తినడం అని చెబుతాను. నవ్వులాటకి కాదు. కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల గదిలో, చెవికి ఫోను తగిలించుకుని కూర్చునే పని నాది. ఊళ్ళో ఏ మూల కరెంటు పోయినా, నేనే వెళ్ళి తీగ తెంపి వచ్చినట్టు జనం నన్ను ఉతికి ఆరేస్తారు. "ఏమ్మా, అందరూ పడుకున్నారా అక్కడ?" అంటాడు ఒకాయన. "మీ ఇంట్లో పోతే తెలుస్తుంది" అంటుంది ఇంకొకావిడ. మా ఇంట్లోనూ పోతుందనీ, పోయినప్పుడు మా అత్తగారు కూడా నన్నే అంటుందనీ ఆవిడకేం తెలుసు! ఎవరేమన్నా మేం చెప్పే జవాబు ఒకటే. "చూస్తున్నామండీ." గదికి కిటికీ లేదు. బల్లకీ బల్లకీ మధ్య అట్టముక్క అడ్డం పెట్టారు గాని, మాటకి అట్ట అడ్డమా? కుడివైపు నుంచి చూస్తున్నామండీ, ఎడమవైపు నుంచి చూస్తున్నామండీ, మధ్యలో నేనూ చూస్తున్నామండీ. మేం చూసేది ఏమీ లేదని ఆ ఫోను చేసేవాళ్ళకీ తెలుసు.

ఇంటికి వస్తే అక్కడ మా తోడికోడలు. మా బావగారి భార్య, నేను అక్కా అని పిలుస్తాను. మనసు వెన్న, కాదనను. కాని ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున మా ఇంట్లో కూర మాడితే మధ్యాహ్నానికి వీధి చివర మందుల షాపువాడు "మాడిందటగా" అని పలకరిస్తాడు. నేను చెప్పులు విప్పీ విప్పకముందే రోజంతా జరిగినదంతా మొదలుపెడుతుంది. నేను స్నానానికి వెళితే తలుపు అవతల నిలబడి చెబుతుంది. మధ్యమధ్య "వింటున్నావా?" అని అడుగుతుంది. వినక చస్తానా!

అందుకే నాకు ఏడాదికి ఒకసారి కొండ కావాలి. పిల్లని మా ఆయనకి అప్పజెప్పి, వీపుకి సంచీ తగిలించుకుని, ఒక్కదాన్నే పోతాను. మొదటిసారి ఈ మాట అన్నప్పుడు ఇంట్లో పెద్ద రగడ. "తోడెవరు?" అంది అత్తగారు. "నేనున్నానుగా" అంది మా అక్క, పైట సవరించుకుంటూ. తోడికోడలికి పేరులోనే తోడుంది, నేనేం చేసేది! మా ఆయనే కల్పించుకున్నాడు. "పోనీండి, వచ్చాక ఓ నెల్లాళ్ళు అరవకుండా ఉంటుంది" అన్నాడు. ఆయన మాటల్లో నాకు బాగా నచ్చినవి కొన్నే ఉన్నాయి, అది ఒకటి.

కొండకి పోతే సరిపోదు, మనుషులు లేని కొండ దొరకాలి. అది అంత సులభం అనుకున్నారా? మొదటి ఏడు పేరున్న కొండకే పోయాను. శిఖరం దగ్గర వరసలో నిలబెట్టారు. ముందు ఒకాయన జేబులో పాటలు మోగుతున్నాయి, వెనక ఇద్దరు కొత్త దంపతులు పోట్లాడుకుంటున్నారు. మా గది నుంచి మా గదికే వచ్చినట్టుంది. మరుసటి ఏడు ఇంటర్నెట్లో వెతికి 'ఎవరికీ తెలియని రహస్య దారి' పట్టుకున్నాను. నాలాగే దాన్ని పట్టుకున్నవాళ్ళ బండ్లు కొండ మొదట్లో కిలోమీటరు పొడుగునా ఆగి ఉన్నాయి. రహస్యం అని రాసి పెట్టాక ఇంకెక్కడి రహస్యం!

అసలు కిటుకు ఒక బస్సు డ్రైవరు నోటి నుంచి ఊడిపడింది. ఆయన నాకు చెప్పలేదు, కండక్టరుతో అంటున్నాడు. "సొరంగం వచ్చాక పైదారిన పురుగు కూడా పోవట్లేదురా." నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. కొండకి సొరంగం తవ్వితే ప్రయాణం తగ్గుతుంది, బండ్లన్నీ కడుపులోంచి దూరిపోతాయి, పైనున్న పాతదారి అలాగే పడి ఉంటుంది. నడవడానికి దారీ ఉంటుంది, నడిచే మనిషీ ఉండడు. అప్పటినుంచి పేపర్లో సొరంగం ప్రారంభం అని కనబడితే చాలు, ఆ ఏటి సెలవు అక్కడికే. మంత్రిగారు కత్తెర పట్టుకుని రిబ్బను కోస్తుంటే అందరూ సొరంగంలోకి చూస్తారు, నేను ఫోటోలో పైనున్న కొండ వైపు చూస్తాను. ఈ కిటుకు ఎవరికీ చెప్పలేదు. మా అక్కకైతే మరీనూ.

కిందటి ఏడు అలాగే ఒక కొండ దగ్గర దిగాను. సొరంగం నోటి ముందు బస్సు ఆపమంటే డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇక్కడ స్టాపు లేదమ్మా. పైన ఏముందని?"

"ఏమీ లేదనే."

"తోడెవరూ లేరా?"

"రెండు కాళ్ళున్నాయి" అని దిగిపోయాను. బస్సు చీకట్లోకి దూరింది, దాని మోత కూడా దానితోనే పోయింది.

ఆ దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. తారు పగుళ్ళలోంచి గడ్డి మొలిచింది. మలుపు మలుపుకీ 'హారన్ మోగించండి' అని తుప్పుపట్టిన బోర్డులు. ఎవడు మోగిస్తాడు? ఒక బోర్డు మీద పిట్ట కూర్చుని, నన్ను చూసి ఎగరలేదు కూడా. ఒకచోట రేకుల కొట్టు, ఇంకోచోట పంక్చర్లు వేసే పాక, రెండూ మూతబడి ఉన్నాయి. ఎడమ పక్క లోయలో వాగు కనబడుతుంది గాని అంత ఎత్తుకి దాని చప్పుడు రాదు. నా ఊపిరి నాకే వినబడింది. చెవుల్లో రోజూ ఉండే గుయ్యిమనే మోత మెల్లిగా తగ్గి, తగ్గి, ఒక మలుపు దగ్గర పూర్తిగా ఆగింది. అక్కడే రోడ్డు మధ్యన చతికిలబడ్డాను. ఎవరూ అడగరు కదా. గొంతెత్తి పాడాను కూడా, నా పాట విని పారిపోయేవాళ్ళు లేరు కాబట్టి.

కనుమ దగ్గర, అంటే దారి కొండని దాటి అవతలికి దిగే చోట, ఒక రాతి ఇల్లుంది. గోడ మీద 'బస, భోజనం' అని పెద్ద అక్షరాలు. గుమ్మంలో ఒక పెద్దావిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది. నేను కింది మలుపులో ఉన్నప్పటినుంచీ చూస్తోందని తర్వాత తెలిసింది. దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళచెంబు చేతికిచ్చింది. గటగటా తాగి, మూతి తుడుచుకుని, నా సంతోషం కొద్దీ అన్నాను.

"ఎంత బాగుందండీ పెద్దమ్మా! కింద నుంచి ఇక్కడిదాకా ఒక్క మనిషి కూడా తగల్లేదు!"

ఆవిడ మొహం చిన్నబోయింది. "ఒక్కరు కూడానా?" అంది. చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేనేం తప్పు మాట అన్నానో నాకు బోధపడలేదు.

లోపల పొడుగాటి గది. రెండు వైపులా మంచాలు, మంచం మంచానికీ మడత నలగని దుప్పటి. గోడకి వరసగా కొక్కేలు, తడిసిన కోట్లు తగిలించుకోవడానికి. ఒక్క కొక్కేనికీ ఏదీ లేదు. నా కోటు తగిలిస్తే పెద్దమ్మ దాన్ని తీసి గుమ్మానికి ఎదురుగా ఉన్న కొక్కేనికి మార్చింది. దారిన పోయేవాళ్ళకి కనబడాలి కాబోలు. పొయ్యి దగ్గర పిండి కలుపుతుంటే చూశాను, పెళ్ళివారికి కలిపినట్టు ఇంత పెద్ద ముద్ద.

"ఇంకెవరైనా వస్తున్నారా?" అని అడిగాను, కాస్త భయంగానే.

"ఎవరొస్తారు?"

"మరి ఇంత పిండి?"

"తక్కువ కలపడం నా చేతికి రాదమ్మాయ్. నేర్చుకుందామని చూశాను. ఒక్కదానికి కలిపితే ముద్ద కుదరదు." మిగిలిన రొట్టెలు మర్నాడు ఆవిడే తింటుందట, ఆ మర్నాడు కూడా ఆవిడేనట.

తినేటప్పుడు అడిగింది, ఇన్నాళ్ళకి ఈ దారి నీకెలా తెలిసిందని. నాకు గొప్ప చెప్పుకునే అవకాశం ఎప్పుడూ రాదు, ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు కదా. కొండ మీద ఉన్న ఈవిడకి చెబితే ఏం పోయిందని మొత్తం విప్పాను. సొరంగం వార్త, పైదారి ఖాళీ అవడం, నేను వెతికి పట్టుకోవడం. నవ్వుతుందనుకున్నాను. రొట్టె తిప్పుతూ నా మొహంలోకి చూసింది.

"అంటే చావు కబురు విని వచ్చావన్నమాట."

ఆఫీసులో పగలంతా తిట్లు తిని అరిగించుకునేదాన్ని, ఆ ఒక్క మాట అరగలేదు. కోపం కూడా వచ్చింది. సొరంగం నేను తవ్వానా? దారిని నేను చంపానా? ఉన్నదాన్ని చూసుకోవడానికి వచ్చాను, అదీ తప్పేనా? ఆవిడ పెట్టిన రొట్టె చేతిలో ఉండగా ఆ మాట అనలేక, ఇంకో ముక్క తుంచుకున్నాను.

మర్నాటి నుంచి పొద్దున్నే లేచి నా దారిన నేను పోయేదాన్ని. కనుమ నుంచి కొండ గట్టు వెంట అటూ ఇటూ కాలిబాటలున్నాయి. ఒక పక్క నల్లటి రాళ్ళ వాలు, ఒక పక్క మోకాలెత్తు గడ్డి. గాలి వస్తే గడ్డంతా ఒకేసారి పడుకుంటుంది, ఆగితే లేస్తుంది. మధ్యాహ్నం ఒక బండ మీద వెల్లకిలా పడుకుని డేగ తిరగడం చూస్తూ ఉండిపోయేదాన్ని. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. నేను అనేది ఒకటి ఉందనీ, అది అంత చెడ్డది కాదనీ నాకు అక్కడే గుర్తొస్తుంది. మిగతా ఏడాదంతా గుర్తుండదు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ గుమ్మంలో ఉండేది. టీ ఇచ్చి ఒకటే అడిగేది. "ఎవరైనా కనిపించారా?"

మొదటి రోజు లేదన్నాను. రెండో రోజూ లేదన్నాను. ఆవిడ తల ఊపి లోపలికి పోయేది. మాటల్లో సంగతి చెప్పింది. కింద ఊళ్ళో ఆవిడ చెల్లెలు ఉంది. చలి దిగేలోపు మనుషుల రాక లేకపోతే ఇంటికి తాళం వేసి వచ్చేయమంది. ఈవిడ సరేనని మాటిచ్చింది. "దానిదేం తప్పు లేదు, నా మేలు కోరే చెప్పింది" అంది. "వెనక గది ఇస్తానంది. టీవీ కూడా ఉందట. మా ఆయన పోయినప్పుడు కూడా నేను ఏడుస్తూ కూర్చోలేదమ్మాయ్, మూడో రోజుకే ఎవరో తడిసి వచ్చి తలుపు కొట్టారు, లేచి టీ పెట్టాను. అలా బతికాను. అక్కడ వెనక గదిలో నా తలుపు ఎవడు కొడతాడు?"

విన్నాను. నాకు జాలేసింది, అబద్ధమెందుకు. కాని దానికి నేనేం చేయను? అందుకని మూడో రోజు సాయంత్రం, ఆవిడ అడగ్గానే, నోటికొచ్చింది అనేశాను.

"ఆ... అవతలి గట్టు మీద ఎవరో ఇద్దరు. దూరంగా. ఇటే వస్తున్నట్టున్నారు."

ఊరికే అన్నాను. ఆ ఒక్క సాయంత్రం ఆవిడ తేలిగ్గా నిద్రపోతుందని అన్నాను. ఫిర్యాదుల గదిలో మేం చేసేది అదే కదా, మనిషి వచ్చి చూస్తున్నాడండీ అంటాం, అవతలి వాళ్ళు కాస్త చల్లబడతారు.

పెద్దమ్మ చల్లబడలేదు. ఆవిడ కాళ్ళకి చక్రాలు వచ్చాయి. పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించింది. రెండు మంచాల దుప్పట్లు దులిపి మళ్ళీ పరిచింది. "ఇద్దరూ మగవాళ్ళా? ఆలుమగలా?" అని అడిగింది. "సరిగ్గా కనబడలేదు" అన్నాను. జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంది. అద్దం ముందు నిలబడి రవిక భుజం సర్దుకుంది. పిండి కలుపుతూ కూనిరాగం తీసింది, ఆవిడకి పాట వచ్చని నాకు అప్పుడే తెలిసింది. గుమ్మం బయట దీపం వేసి, గోడ పక్కన రాయి మీద నిలబడి అవతలి గట్టు వైపు చూడటం మొదలుపెట్టింది.

నేను కాలు కాలిన పిల్లిలా లోపలికీ బయటికీ తిరిగాను. మునిమాపు వేళ దాటుతోంది. గట్టు మీద మబ్బు దిగింది.

"ఇంకా రాలేదేంటి?" అంది.

"వేరే దారిన పోయారేమో పెద్దమ్మా."

"అటు వేరే దారి లేదు. మబ్బులో గట్టు తప్పారంటే రాళ్ళ వాలులోకి పోతారు." గబగబా లోపలికి వెళ్ళి కోటు తొడుక్కుంది. టార్చి తీసి వెలుగుతుందో లేదో చూసుకుంది. మూల ఉన్న కర్ర అందుకుంది. "నువ్వు పొయ్యి చూస్తుండు. నేను పోయి కేకేసుకొస్తాను."

ఆ వయసులో, ఆ మబ్బులో, లేని మనుషుల కోసం! నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"వెళ్ళకండి. ఎవరూ లేరు."

"నువ్వే చూశానన్నావుగా?"

"చూడలేదు. అబద్ధం చెప్పాను."

ఆవిడ టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది, నా కాళ్ళ మీద పడుతోంది. తిట్టినా బాగుండేది. తిట్లయితే నాకు అలవాటు. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మంచం మీద కూర్చుంది. టార్చి ఆర్పి అడిగింది.

"ఎందుకు చెప్పావమ్మాయ్?"

"మీరు బాధపడుతున్నారని."

"ఎవరో వస్తున్నారని నాకు చెప్పడం దేనికే? నేనిక్కడ ఉన్నానని వాళ్ళకి చెప్పు. కింద అంతమంది ఉంటారు కదా, నలుగురికి చెప్పు."

ఆవిడ అడిగినది ఎంత చిన్నదో చూడండి. దానికి నా ప్రాణం ఎంత గింజుకుందో కూడా చూడండి. నలుగురికి చెబితే నలభైమందికి తెలుస్తుంది, నలభైమంది వస్తే ఆ గడ్డి వాలు మీద నేను పడుకునే బండ మీద ఎవడో కూర్చుని పాటలు పెడతాడు. ఏడాదిలో నాకు మిగిలేది ఆ కాస్త చోటే. అది కూడా ఇచ్చేయాలా?

"చూద్దాం పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వింది. అంతసేపట్లో అదే నవ్వడం. "చూద్దాం అంటే లేదని. నాకు తెలీదూ? సరే, లే, రొట్టెలు చల్లారిపోతున్నాయి."

మర్నాడు బయల్దేరాను. దారిలోకి రొట్టెలు కట్టి, ఆ కాగితం మీదే తన ఫోను నంబరు రాసి ఇచ్చింది, మనసులో ఏదైనా ఉంటే కనబడనివ్వలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలోనే ఉంది, నా వైపు కాదు, అవతలి గట్టు వైపు చూస్తోంది.

కొండ నుంచి వచ్చాక ఏడాది పొడుగునా నన్ను బతికించేది ఒకటుంది. ఫోనులో అవతలి మనిషి రెచ్చిపోతున్నప్పుడు కళ్ళు మూసుకుంటాను, ఆ నిశ్శబ్దం గుర్తు తెచ్చుకుంటాను, అది వస్తుంది. ఈసారి రాలేదు. కళ్ళు మూసుకుంటే గడ్డి వాలు వస్తుంది, డేగ వస్తుంది, అవి వచ్చాయో లేదో వెనకే ఆవిడ అద్దం ముందు రవిక భుజం సర్దుకోవడం వస్తుంది. ఛీ, ఏం ఖర్మ అనుకుని కళ్ళు తెరిచేదాన్ని. ఆ కొండ మీదికి ఎవరూ రావట్లేదని మురిసింది నేను. అదే మాట అనుకుని కుమిలింది ఆవిడ. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే పొయ్యి దగ్గర కూర్చుని అనుకున్నాం. నా నిశ్శబ్దం ఊరికే దొరికిందనుకున్నాను. అది ఆవిడ ఇంట్లోంచి తీసుకున్నదని తెలిశాక మళ్ళీ నాదిగా అనిపించలేదు.

చలి దగ్గర పడుతోంది. ఒక ఆదివారం పొద్దున మా అక్క బట్టలు మడతపెడుతూ ఎవరి గురించో చెబుతోంది. నేను మధ్యలో ఆపాను. ఆవిడ మాట మధ్యలో ఆపడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

"అక్కా, నీకో మాట చెబుతాను. ఎవరికీ చెప్పకు."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. చెప్పకు అన్నానంటే ఊరంతా చెప్పినట్టేనని నాకు తెలుసు, అందుకే అన్నాను. దాచుకున్నది మొత్తం చెప్పేశాను. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, వాగు ఎక్కడ కనబడుతుంది, ఇల్లెక్కడ, పెద్దమ్మ ఎవరు, ఆవిడ ఫోను నంబరేమిటి. బండ గురించి కూడా చెప్పాను. చెబుతుంటే లోపల ఏదో ఒక్కొక్కటే తీసి ఇచ్చేస్తున్నట్టు నొప్పిగా ఉంది. మా అక్క మడత ఆపి, నోరు మూసుకుని వింది.

"ఇంత మంచి చోటు ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావా రాక్షసీ!" అంది చివర్న.

మా అక్కకి పార్కులో పొద్దున నడిచే ఆడవాళ్ళ జట్టు ఒకటుంది. నడుస్తారో లేదో గాని మాట్లాడతారు. వారం తిరక్కుండా అందరూ బూట్లు కొన్నారు. "నువ్వూ రావే" అని నన్ను పిలిచింది. నా సెలవులన్నీ అయిపోయాయి. ఇంకో నాలుగు రోజులు ఇమ్మని సూపర్‌వైజరుని అడిగితే "చూద్దాం" అన్నాడు. కాబట్టి నా కొండకి మా తోడికోడలు వెళ్ళింది, నేను అట్టముక్కల మధ్య కూర్చుని చూస్తున్నామండీ అన్నాను. ఆ నాలుగు రోజులూ నాకు ఒళ్ళు మండింది. ఏ మలుపు దగ్గర ఉంటారో, ఏమేం వాగుతుంటారో అనుకుంటూ ఒకాయన ఫిర్యాదు రెండుసార్లు రాశాను.

తిరిగొచ్చాక మా అక్క మాట ఆగితే ఒట్టు. పైన ఉన్నంతసేపూ పెద్దమ్మా తనూ పోటీపడి మాట్లాడుకున్నారట. పెద్దమ్మే గెలిచిందట. "ఏడాది మాటలు దాచిపెట్టుకుందే ఆవిడ, నాకు సందివ్వలేదు!" అంది మా అక్క, మెచ్చుకోలుగా. "ఇంతకీ నిన్ను అబద్ధాలమ్మాయి అంటుందేమిటే? అబద్ధాలమ్మాయి రాలేదా అని అడిగింది." నేను లేచి వెళ్ళిపోయాను. వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వాను.

ఆ జట్టు ఊరుకుంటుందా? ఒకావిడ తమ్ముడు వెళ్ళాడు, అతని ఆఫీసువాళ్ళు వెళ్ళారు. చలి దిగినా వెళ్ళారు. చెల్లెలు తీసుకుపోదామని పైకి వస్తే, పెద్దమ్మ "తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయానే" అందట. ఈ కబుర్లన్నీ మా అక్కే మోసుకొచ్చేది. స్నానాల గది తలుపు అవతల నుంచి, వింటున్నావా అని అడగకుండానే. నేనే లోపల నీళ్ళు ఆపి వినేదాన్ని.

ఈ ఏడు మళ్ళీ సెలవు దగ్గరికొచ్చింది. పేపర్లో ఇంకో సొరంగం వార్త పడింది. మామూలుగా అయితే ఎగిరి గంతేసేదాన్ని. ఫోటోలో పైనున్న కొండ చూశాను, దాని మీద ఏ ఇంట్లో ఎవరు గుమ్మంలో నిలబడి ఉన్నారో అనిపించింది. పేపరు మడిచి పక్కన పెట్టాను. టీ విరామంలో నా బల్ల దగ్గరే కూర్చుని పెద్దమ్మ నంబరు కొట్టాను.

చాలాసేపు మోగాక ఎత్తింది. "ఎవరూ? గట్టిగా చెప్పండి, వినబడట్లేదు!"

"మంచం ఒకటి కావాలండీ. ఒక్కదాన్నే."

"లేదమ్మా, ఖాళీ లేదు. ఒక్క మంచం కూడా లేదు. వచ్చే నెల చేయండి!"

ఎన్నిసార్లు ఎంతమందికి లేదని చెప్పి ఉంటుందో, ఆ గొంతులో ఎంత దర్జా ఉందో!

"పెద్దమ్మా, నేను. అబద్ధాలమ్మాయిని."

"నువ్వా?" అవతల గొంతు మెత్తబడింది. "అయ్యో తల్లీ. నీకు కావలసింది ఇక్కడ లేదే ఇప్పుడు. నీ బండ మీద ఎప్పుడూ ఎవరో ఒకళ్ళుంటున్నారు. నీ చోటు పోయిందే."

"పోయింది పెద్దమ్మా" అన్నాను. బాధగానే అన్నాను, లేదని ఎలా అనను? "పోనీండి. మిమ్మల్ని చూడాలనుంది, వస్తాను."

"నువ్వొచ్చేదానికి ఖాళీతో పనేంటి! నా పక్కన పడుకో. ఉండు, ఎవరో తడిసి వచ్చారు, ఒక్క నిమిషం..."

ఫోను పెట్టేయలేదు. కిటికీ గట్టు మీద పెట్టి పోయినట్టుంది. తలుపు చప్పుడు, గిన్నెల చప్పుడు, బూట్లు బయట విప్పండని పెద్దమ్మ కేక, ఎవరిదో పెద్ద నవ్వు, ఇంకెవరో పాట ఎత్తుకుని మరిచిపోయి మళ్ళీ ఎత్తుకోవడం. పొద్దున్నుంచీ నా చెవిలో పడిన గొంతులన్నీ ఏదో ఒకటి పోయిందని అరిచినవే. ఈ గోలలో ఎవరూ ఏమీ పోయిందనడం లేదు. పక్క బల్ల ఆవిడ అట్టముక్క మీదుగా తొంగిచూసి, ఏమైంది, ఎందుకేడుస్తున్నావని సైగ చేసింది. లైనులో ఉన్నానని చెయ్యి ఊపి, ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. టీ విరామం అయిపోయేదాకా వింటూనే ఉన్నాను.